పుష్య పున్నమినాడు ఇచ్చిన చీర

మా పిన్ని పోయినప్పుడు పలకరించడానికి వచ్చిన వాళ్ళలో సగం మందికి తెలుగు రాదు. వాళ్ళందరికీ ఆవిడ మౌసీ, వాళ్ళ మాటలో పిన్ని. నలభై ఏళ్ళకి పైగా రాయపూర్‌లో ఉన్నా పిన్ని హిందీ కూరగాయల బండి దాటి ముందుకి పోలేదు. అయినా ఇంతమందికి ఆవిడ ఎలా తెలుసో నాకు అర్థం కాలేదు. వాళ్ళలో ఒకామె ఖమ్‌తరాయి నుంచి ఆటోలో వచ్చింది. యాభై దాటిన మనిషి. నా పక్కన చాప మీద కూర్చుని, మౌసీ ఆ చీర వేసింది నా బుట్టలోనే అంది. ఏ చీరో నాకు వెంటనే తట్టలేదు. ఒకప్పుడు మాకు పాలు పోసిన దులారిన్ కూతురని చెప్పాక తట్టింది. ఆమె వెళ్ళిపోయిన తరవాత ఆ శీతాకాలం మొత్తం నెమ్మదిగా వెనక్కి వచ్చింది.

అప్పుడు మేము రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. నాన్న గూడ్సు ఆఫీసులో గుమస్తా. క్వార్టర్ల వరస అయిపోగానే ఒక కాలవ, కాలవ దాటితే దులారిన్ వాళ్ళ బస్తీ, బస్తీ వెనక భన్‌పురి రోడ్డు దాకా వరిచేలు. ఇప్పుడక్కడ లారీలు నిలబడతాయి. పొద్దున్నే అమ్మ సిగడీలో బొగ్గులు రాజేసి వాకిట్లో పెట్టేది, పొగ పోయాక లోపలికి తెచ్చేది. ఆ బొగ్గు వాసన, బస్తీ వైపు నుంచి వచ్చే ఉడికిన వడ్ల వాసన, దులారిన్ తెచ్చే పాల చెంబు వాసన, ఈ మూడూ కలిస్తే నాకు పొద్దు. అమ్మ పాలు పోయించుకుంటూ దులారిన్‌తో తనకి వచ్చిన హిందీలో మాట్లాడేది. ఆ హిందీలో క్రియలన్నీ తెలుగువే. దులారిన్ ఛత్తీస్‌గఢీలో జవాబు చెప్పేది. ఇద్దరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు.

అమ్మది మచిలీపట్నం దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు. పిన్నిని కూడా ఆ పక్క ఊళ్ళోనే ఇచ్చారు. మా అమ్మమ్మ తన కూతుళ్ళిద్దరికీ నేర్పిన మాట ఒకటుంది: పెట్టే చెయ్యి పైన ఉండాలి, కింద ఉండకూడదు. అమ్మ దాన్ని రాయపూర్ దాకా మోసుకొచ్చింది. పక్కింట్లో పంచదార అప్పు తెచ్చుకోవలసి వస్తే ఆ పూట కాఫీ మానేసేది. ఛత్తీస్‌గఢ్‌లో పుష్య పున్నమినాడు ఒక పండగ ఉంది, ఛేరఛేరా అంటారు. కుప్ప నూర్చి గాదెలు నిండాక పిల్లలూ పెద్దలూ గుంపులుగా ఇల్లిల్లూ తిరిగి, ఛేరఛేరా అని కేకేసి, వడ్లో బియ్యమో అడుగుతారు. నా చిన్నప్పుడు ఒకసారి నేనూ బస్తీ పిల్లలతో పోయి దోసెడు వడ్లు గౌన్లో పోయించుకుని వచ్చాను. అమ్మ నన్ను చెయ్యి పట్టుకు తీసుకెళ్ళి ఏ ఇంటివి ఆ ఇంట్లో తిరిగి పోయించింది. మనకి ముష్టి ఎత్తే ఖర్మ పట్టలేదు అంది. వాళ్ళు నవ్వారు. ఏమంటోందో తెలిసి ఉంటే నవ్వేవాళ్ళు కారు.

నేను కాలేజీలో చేరిన ఏడు, చలి మొదలవుతున్న రోజుల్లో, సముద్రం మా అమ్మ వాళ్ళ వైపు ఊళ్ళ మీదికి వచ్చింది. రేడియోలో చెప్పారు. తరవాత చాలా రోజులు ఏ కబురూ లేదు. రాయపూర్‌లోని తెలుగువాళ్ళందరూ కలిసి బట్టలు పోగు చెయ్యడం మొదలుపెట్టారు. మా ముందుగది స్టేషనుకి దగ్గర కాబట్టి మూటలన్నీ అక్కడికి చేరాయి. గది నిండా ఇతరుల పెట్టెల వాసనలు. కలరా ఉండలు, ఆవనూనె, కర్పూరం, ఎవరో పోయిన ముసలాయన చుట్టల వాసన. ఇచ్చిన వాళ్ళు మంచివాళ్ళే. తెలుగువాళ్ళే కాదు, మార్వాడీ కొట్లవాళ్ళూ, బెంగాలీ డాక్టరుగారూ, అందరూ ఇచ్చారు. కానీ ఎవరికి చలిగా ఉంటే వాళ్ళు చలి బట్టలే ఇస్తారు. స్వెట్టర్లు, మఫ్లర్లు, చెవులు మూసే ఊలు టోపీలు వచ్చిపడ్డాయి. ఒకాయన తన పెళ్ళి తలపాగా ఇచ్చాడు. అమ్మ ఒక్కొక్కటీ విప్పి, చిరిగినవి పక్కన పెట్టి, గుండీలు ఊడినవాటికి గుండీలు కుట్టి, ఉతకవలసినవి ఉతికేది. ఆ టోపీలు చూసి ఒకరోజు ఆగలేక, సముద్రం ఒడ్డున ఈ కోతి టోపీలు ఎవరు పెట్టుకుంటారండీ అని అడిగింది. నాన్న, ఇచ్చినవాళ్ళ మనసు చూడాలి అన్నాడు. అమ్మ సూది దారం తెంపుతూ, కట్టుకునే వాళ్ళ ఒళ్ళు కూడా చూడాలి అంది. ఆ తరవాత నాన్న టోపీల మూట బయటికి తీసి కాలవ అవతల బస్తీలో పంచిపెట్టాడు. బస్తీ మగవాళ్ళు ఆ ఏడంతా అవే పెట్టుకుని తిరిగారు.

మూటలతో నాన్న కూడా వెళ్ళాడు, రాయగడ మీదుగా. చాలా రోజుల తరవాత తిరిగి వచ్చినప్పుడు వెంట పిన్ని ఉంది. బాబాయి లేడు, ఇల్లు లేదు, గేదెలు లేవు. నాన్న అక్కడ చూసింది ఎప్పుడూ చెప్పలేదు. మేమూ అడగలేదు. పిన్ని ఒంటి మీద గులాబీ రంగు నైలాన్ చీర ఉంది, మీద పెద్ద పెద్ద పసుప్పచ్చ పువ్వులు. పిన్ని అలాంటి చీర జన్మలో కట్టి ఉండదు. చేతిలో సంచీ కూడా లేదు. అమ్మ ఆవిడని పట్టుకుని ఏడ్చి, కాళ్ళకి నీళ్ళిచ్చి, ఆవిడ కూర్చున్నాక, ఎవరూ చూడటం లేదనుకుని ఆ చీర అంచు తిప్పి చూసింది. తన కుట్టేమో అని. కాదు.

ఆ సాయంత్రమే అమ్మ తన చీరల్లో మంచిది, ముదురాకుపచ్చ మంగళగిరి నేత చీర, తీసి పిన్నికిచ్చింది. పిన్ని తీసుకుని, మడత విప్పకుండా, తను పడుకునే నులకమంచం మీద తలవైపున పెట్టింది. మర్నాడూ అక్కడే ఉంది. అమ్మ రోజువారీ చీర ఇంకొకటి ఇచ్చింది, అదీ దాని మీద చేరింది. పిన్ని పొద్దున్నే ఆ నైలాన్ చీర ఉతికి, స్నానాల గదిలో దుప్పటి చుట్టుకుని నిలబడి, అది ఆరాక కట్టుకుని వచ్చేది. నైలాన్ కదా, తొందరగా ఆరుతుంది. అదొక్కటే దాని మంచి గుణం. రాయపూర్ చలి ఆవిడకి కొత్త. పళ్ళు కొట్టుకోవడం వంటింట్లోకి వినిపించేది. అమ్మ వినలేక సిగడీ ఊదుతూ కూర్చునేది.

తిండి దగ్గరా అంతే. ఆవిడ తిన్న ముద్దకి ముద్ద పని చేసేది. మేము లేచేసరికి ఇల్లు ఊడ్చి, నీళ్ళు పట్టి, అంట్లు తోమేసి ఉండేది. చేసిన పని చాలదనిపిస్తే చారుతో లేచిపోయేది. నెయ్యి వేస్తే చెయ్యి అడ్డం పెట్టేది. మా ఇంట్లో చుట్టంలా ఉన్నా బాగుండేది, పనిమనిషిలా ఉన్నా ఒక లెక్కగా ఉండేది. ఆవిడ రెండూ కాకుండా, అప్పు తీర్చుకుంటున్న మనిషిలా ఉండేది. ఒకరోజు మేమిద్దరం బియ్యంలో రాళ్ళేరుతున్నాం. అడగకుండానే చెప్పింది. ఉప్పెన గురించి ఆవిడ నాతో తనంతట తాను చెప్పింది ఆ ఒక్కటే.

“లారీ మీద నుంచి విసిరారే. అందరూ చేతులు చాపారు. నేను చాపలా. అదే వచ్చి భుజం మీద పడింది.”

పిన్ని ఏరిన బియ్యం మళ్ళీ మొదటి నుంచి ఏరింది.

పుష్యమాసం వచ్చాక పిన్ని నాన్నని, బావగారూ, నాకు టికెట్టు తియ్యండి అని అడిగింది. బందరులో ఎవరో వంటమనిషి కోసం చూస్తున్నారట, శిబిరంలో ఉండగా ఎవరో చెప్పారట. నాన్న తలూపాడు. ఆవిడ నీళ్ళకి వెళ్ళినప్పుడు అమ్మ వంటింటి గడపలో కూర్చుని, దానికి నా ఇంట్లో తినడానికి ఏమిటి కష్టం, ఊరిలో పరాయివాళ్ళకి వండిపెడుతుందిట అంది. నాన్న, నా ఇల్లు అని నువ్వు అంటున్నావు కదా, అదే కష్టం అన్నాడు. అమ్మకి కోపం వచ్చింది. కానీ ఆ మాట ఎక్కడో తగిలినట్టు కూడా ఉంది. ఒళ్ళు అలా చిక్కిపోయిన మనిషి ఎవరూ లేని చోటికి వెళితే ఎన్నాళ్ళుంటుందో మా ముగ్గురికీ తెలుసు. ఆపడం ఎలాగో మాత్రం ఎవరికీ తెలియలేదు. నాన్న టికెట్టు ఇవాళ దొరకలేదు, రేపు చూస్తాను అంటూ రోజులు జరిపాడు. రైల్వే గుమస్తాకి టికెట్టు దొరక్కపోవడం ఏమిటని పిన్ని అడగలేదు. టికెట్టు దొరికిందన్న మాట కోసం ఎదురుచూస్తూ కూర్చుంది.

పున్నమినాడు పొద్దున్న అమ్మ కూరలకి బజారు వెళ్ళింది. నేను పెరట్లో తల ఆరబెట్టుకుంటున్నాను. వీధిలో డప్పు వినిపించింది, పిల్లల కేకలు వినిపించాయి. ఏటా వచ్చేవాళ్ళే కాబట్టి లేవలేదు. వాకిట్లో అమ్మ పెట్టి వెళ్ళిన బియ్యం గిన్నె ఉంది, తీసి తలా గుప్పెడు పోస్తే సరిపోతుంది. పిన్నికి ఆ సంగతి తెలియదని నాకు తట్టలేదు. కాసేపటికి కేకలు ఆగిపోయాయి, డప్పు కూడా ఆగింది. పిల్లలు అంత నిశ్శబ్దంగా ఎందుకయ్యారా అని లోపలికి వచ్చాను. పిన్ని గుమ్మంలో నిలబడి వీధిలోకి చూస్తోంది. ముఖం కొత్తగా ఉంది. వచ్చిన దగ్గర్నుంచీ ఆ ముఖంలో అంత ప్రాణం నేను చూడలేదు.

“సుశీలా, వాళ్ళూ మనవైపు నుంచే వచ్చినట్టున్నారే. అచ్చం తెలుగులో అడుగుతున్నారు. పాపం, పిల్లా పెద్దా అందరూ చీర, చీర అంటున్నారు. వాళ్ళ ఊరు కూడా కొట్టుకుపోయిందేమో.”

మంచం వైపు చూశాను. తలవైపున మంగళగిరి చీర లేదు.

నాకు నవ్వు వచ్చింది. రాగానే ఆగిపోయింది. ఈ ఊరికి వచ్చిన దగ్గర్నుంచీ వీధిలో ఆవిడకి అర్థమైన మొదటి మాట అది. అది కాదు పిన్నీ అని ఎలా చెప్పాలో తెలియక, ఎవరికిచ్చావు అన్నాను. బుట్ట పట్టుకున్న పిల్లకి, చలికి వణుకుతోంది పాపం అంది. ఇంకొక చీర కూడా ఇద్దామనుకుందిట, ఈలోగా వాళ్ళు పరిగెత్తారుట. అమ్మ కూరల సంచీతో వచ్చేసరికి నేనింకా ఏమీ చెప్పలేదు. పిన్నే చెప్పింది. అమ్మ ముందు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తరవాత, ఏ చీర అని అడిగింది. పచ్చది అని తెలిశాక సంచీ కింద పెట్టి కాసేపు వంకాయల వైపు చూసింది. తన పెళ్ళయిన కొత్తలో నాన్న కొన్న చీర అది.

అప్పుడే దులారిన్ వచ్చింది. వెనకాల పిల్లలు, వాళ్ళ వెనకాల బస్తీ ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు. చీర మడత చెదరకుండా రెండు చేతుల్లో పట్టుకుని ఉంది. నవ్వు ఆపుకోలేక గుమ్మానికి ఆనుకుని నిలబడి, “ఛేరఛేరా మ లుగరా కోన్ దేథే దీదీ?” అంది. ఛేరఛేరాకి చీర ఎవరిస్తారమ్మా అని. వాళ్ళ భాషలో చీరని లుగరా అంటారు. ఇక దాచడానికి వీలు లేక పిన్నికి అంతా చెప్పాను. ఛేరఛేరా అంటే చీర కాదని, వాళ్ళ ఊరు ఎక్కడికీ కొట్టుకుపోలేదని, ఇది పంట ఇంటికొచ్చిన పండగని. పిన్ని ముఖంలోని ప్రాణం పోయింది. మంచం పట్టె మీద కూర్చుంది. దులారిన్ చీర ఆవిడ ఒళ్ళో పెట్టబోయింది. పిన్ని చెయ్యి అడ్డం పెట్టింది.

“ఇచ్చింది తీసుకోనని చెప్పవే. బాగుండదు.”

చెప్పాను. దులారిన్ నవ్వు తగ్గించి, అయితే సరే, ఉంచుకుంటాను అంది. అంత సులువుగా ఉంచుకుంటుందని అమ్మ కూడా అనుకోలేదు. చీరని భుజం మీద వేసుకుని, అయితే మౌసీ కూడా మాతో రావాలి అంది. ఇవాళ ఇచ్చి ఊరుకోకూడదట, అడగాలట. అడగని మనిషి ఉండకూడదట. వాళ్ళ ఊరిపెద్ద కోడలు కూడా ఇవాళ బుట్ట పట్టుకుని తిరుగుతుందట, గాదె నిండా వడ్లున్నా సరే. నేను ఒక్కొక్క ముక్కా తెలుగులో చెబుతున్నాను. పిన్ని నేల చూస్తోంది. అడిగితే వాళ్ళు ఏమనుకుంటారో అడుగు అంది.

నేను అడిగాను. దులారిన్‌కి ప్రశ్న అర్థం కాలేదు. మళ్ళీ ఇంకోలా అడిగాను. అనుకోవడం ఏమిటి అంది. నా వైపు, అమ్మ వైపు చూసింది, మా ఇద్దరిలో ఎవరైనా విడమరిచి చెబుతారేమోనని. అమ్మ ఏదో అనబోయి, వంటింటి గోడకి తగిలించిన చేట తీసి, తెచ్చి పిన్ని పక్కన పెట్టింది. అమ్మ ఆ పని చేస్తుందని నేను అనుకోలేదు.

పిన్ని వెళ్ళింది. కాలవ దాటి బస్తీలోకి దులారిన్ వెనక, ఆ గులాబీ నైలాన్ చీరలో, చేట రెండు చేతులా కడుపుకి ఆనించుకుని. నేనూ వెళ్ళాను, భాష కోసం. అక్కర్లేకపోయింది. మొదటి ఇంటి ముందు పిన్ని నోరు తెరవలేదు, పిల్లలే కేకేశారు. ముసలమ్మ ఒకావిడ బయటికి వచ్చి అందరికీ పోసినట్టే పిన్నికీ పోసింది. పిన్ని ఎవరో, ఎందుకొచ్చిందో అడగలేదు, ముఖం కూడా సరిగా చూడలేదు, పక్క పిల్లకి పోయడానికి జరిగిపోయింది. రెండో ఇంటి దగ్గర పిన్ని చేట కొంచెం ముందుకి చాపింది. అక్కడి నుంచి ఇంకా కొన్ని ఇళ్ళు తిరిగాం. కొత్త వడ్లు, పచ్చిగడ్డి వాసన వేస్తున్నాయి. పిన్ని నడుస్తూ ఒక గింజ గోటితో ఒలిచి నోట్లో వేసుకుని, మన వైపు గింజ కంటే పొట్టి అంది. వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ ఏదో ఒకటి బాగుందో లేదో చెప్పడం అదే మొదలు.

బస్తీ అయ్యాక గుంపు క్వార్టర్ల వరసలోకి వచ్చింది. మా ఇంటి ముందు ఆగింది. అమ్మ బియ్యం గిన్నెతో వాకిట్లోకి వచ్చింది. పిల్లలందరికీ పోసింది. పిన్ని ముందుకి వచ్చేసరికి చేతిలో బియ్యంతో ఆగిపోయింది. అక్క ముందు చెల్లెలు చేట పట్టుకుని నిలబడి ఉంది. వీధి చివర ఎవరో తెలుగు వాళ్ళు కూడా చూస్తున్నారు. ఆ సంగతి అమ్మకి తెలుసు. గుప్పెడు బియ్యం పోసింది.

“బియ్యం కాదక్కా. చీర.”

మెల్లిగా అంది. కానీ అడిగింది. దులారిన్ నా మోచెయ్యి పట్టుకుని ఏమంటోందని అడిగింది. లుగరా అడుగుతోంది అన్నాను. అయితే ఇవ్వమను, నిలబడిందేమిటి అంది. అమ్మ గిన్నె అక్కడే అరుగు మీద పెట్టి లోపలికి వెళ్ళింది. పెట్టె మూత శబ్దం వినిపించింది. చాలాసేపు రాలేదు. పిల్లలు విసుక్కుని పక్కింటికి వెళ్ళిపోయారు. చివరికి తను రోజూ కట్టుకునే నేత చీరల్లో ఒకటి, ఉతికి మెత్తబడ్డది, తెచ్చి బియ్యం మీద పెట్టింది. పిన్ని మెట్టెక్కి లోపలికి వచ్చి, చేట వంటింట్లో దించి, చీర తీసుకుని స్నానాల గదిలోకి వెళ్ళి, కట్టుకుని వచ్చింది. ఆ మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని, వంకాయలో ఉప్పు తక్కువైందక్కా అంది. అమ్మ ఉప్పు తెచ్చి కంచంలో వేస్తూ, వండింది నేను, పేరు పెట్టింది నువ్వు అని విసుక్కుంది. టికెట్టు సంగతి నాన్న ఎత్తలేదు. తరవాత పిన్నీ ఎత్తలేదు.

పచ్చ చీర దులారిన్ కట్టుకునేది, పండక్కి కాదు, పాలు తీసుకురావడానికి. అది వాకిట్లో కనిపించినప్పుడల్లా అమ్మ, నా చీర పాలు పోస్తోంది చూడు అనేది. పిన్ని ప్రతి ఏడూ పుష్య పున్నమికి చేట పట్టుకుని బస్తీకి వెళ్ళేది. నాన్న రిటైరై మేము శంకర్ నగర్ వచ్చాక కూడా కొన్నేళ్ళు వెళ్ళింది. ఇంతమంది మౌసీ అని వచ్చారంటే వాళ్ళ ఇళ్ళ ముందు నిలబడి అడిగినందుకేనేమో.

ఆ రోజులు మంచివని నేను అనను. లారీ మీద నుంచి విసిరిన రోజులు కూడా అవే. ఇప్పుడు ఎక్కడ వరద వచ్చినా ఫోనుకి కబురు వస్తుంది, వేలుతో నొక్కితే డబ్బు వెళుతుంది. ఎవరి భుజం మీదా ఏదీ వచ్చి పడదు. అది చిన్న సంగతి కాదు. కానీ ఇచ్చినట్టు నాకే అనిపించదు, తీసుకున్న వాళ్ళకి ఎలా ఉంటుందో తెలుసుకునే దారీ లేదు. మా వీధిలో గేట్లకి కాపలావాళ్ళున్నారు. ఛేరఛేరా అంటూ పిల్లలు అప్పుడప్పుడు వస్తారు, గేటు బయటే ఎవరో నోటు ఇచ్చి పంపేస్తారు. అడగడం అలవాటు లేకుండా పెరిగితే, అడగవలసిన రోజున మనిషి ఏం చేస్తాడో నేను ఒకసారి చూశాను కాబట్టి, నాకు అది ఇబ్బందిగా ఉంటుంది.

నేను కూడా అమ్మమ్మ మనవరాలినే. పిన్ని పోయిన రోజుల్లో పై ఇంటి ఆవిడ రోజూ స్టీలు గిన్నెలో ఏదో ఒకటి పంపేది, ఒకరోజు కఢీ అన్నం, ఒకరోజు కిచిడీ. పంపొద్దని చెప్పాను. వినలేదు. గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వడం మా ఇంట్లో ఎప్పుడూ లేదు, ఏమీ లేకపోతే కాస్త పంచదారైనా వేసి ఇస్తాం. కానీ మైల ఇల్లు. ఆ ఇంటి నుంచి తినేది ఏదీ బయటికి పోకూడదు. ఆ పదిరోజులూ ఎవరైనా తీసుకోవడమే, పెట్టడం ఉండదు. పెద్దవాళ్ళు ఆ నియమం ఎందుకు పెట్టారో ఇంతకుముందు ఆలోచించలేదు. వాళ్ళ పనమ్మాయి గిన్నె కోసం గుమ్మంలో నిలబడి ఉంది. తిన్నాను. కడిగాను. తడి తుడిచి, ఏమీ పెట్టకుండా ఆ పిల్ల చేతికిచ్చాను.